ఇంటి డయాలసిస్ వద్దంటున్న వాట్సాప్ సందేశంలో నిజమెంత?

"నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లు ఇంట్లో డయాలసిస్ పెట్టుకోవద్దు, మన ఫ్లోరైడ్ నీళ్లు ఒంట్లో కలుస్తాయి, పల్లె ఇళ్లలో ఇన్ఫెక్షన్ తప్పదు, పొట్ట డయాలసిస్ సరిగా పనిచేయదు, ఒకసారి మొదలుపెడితే మళ్లీ ఆసుపత్రి డయాలసిస్‌కు మారలేరు" అనే సందేశం మా వైపు ఫోన్లన్నింటిలో తిరుగుతోంది. మూడేళ్లుగా మా నాయనకు ఇంట్లోనే పొట్ట డయాలసిస్ ద్రవం సంచులు మారుస్తున్నాను కాబట్టి, దీనికి జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు నీళ్ల సంగతి. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర తిరిగిన కాళ్లను చూస్తూ పెరిగిన మనకు ఫ్లోరైడ్ అంటే భయం ఉండటం సహజం. అయితే సీఏపీడీ అనే పొట్ట డయాలసిస్‌లో బోరు నీరు గానీ నల్లా నీరు గానీ కడుపులోకి పోదు. ఫ్యాక్టరీలోనే సూక్ష్మక్రిములు లేకుండా తయారుచేసి సీలు వేసిన సంచిలోని ద్రవం, సాధారణంగా 2 లీటర్లు, పోతుంది. మన నీళ్లు చేతులు కడుక్కోవడానికే. నీటి గురించి గట్టిగా ఆరా తీయవలసింది ఇంట్లో రక్త డయాలసిస్ యంత్రం పెట్టుకోదలచినవారు, ఎందుకంటే దానికి నిమిషానికి 500 మి.లీ. చొప్పున 4 గంటలకు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు కావాలి. సందేశం రాసినవారు ఈ రెండు పద్ధతులనూ కలిపేశారు.

ఇన్ఫెక్షన్ భయం మాత్రం ఉత్తది కాదు. కానీ అది ఇల్లు పెద్దదా చిన్నదా అన్నదానికంటే చేసే పద్ధతి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరిన తర్వాతే నేను కడుపులో అమర్చిన గొట్టం ముట్టుకుంటాను. కడుపులోంచి బయటికి వచ్చిన ద్రవం ఉన్న సంచిని దినపత్రిక మీద పెట్టి చూస్తే అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. రెండో ఏడు ఒక రాత్రి ఆ ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది. ఆ సంచిని పారేయకుండా వెంట పట్టుకుని అప్పుడే ఆసుపత్రికి వెళ్లాం, మందులతో తగ్గింది. తెల్లారాక చూద్దామనుకుంటే ప్రమాదమే.

పనిచేయదన్న మాట తప్పు. రోజుకు 3, 4 సార్లు ద్రవం కడుపులో 4 నుంచి 6 గంటలు నిలిచి మలినాలను, అదనపు నీటిని లాగుతుంది. ఇంకా వస్తున్న కాస్త మూత్రం కూడా ఈ పద్ధతిలో ఎక్కువ కాలం వస్తూ ఉండే అవకాశం ఉంది. మారలేరన్నదీ తప్పే: అవసరమైతే ఆసుపత్రిలో చేసే రక్త డయాలసిస్‌కు మారవచ్చు, కిడ్నీ మార్పిడికీ ఇది అడ్డు కాదు.

ఇది అందరికీ సరిపడుతుందని నేను అనను. కడుపుకు పలుమార్లు ఆపరేషన్లు అయినవారికి, హెర్నియా బాగుచేయించుకోనివారికి, చూపు తగ్గి తోడు లేనివారికి కష్టం. ద్రవంలో గ్లూకోజ్ ఉంటుంది కాబట్టి షుగరు పెరగవచ్చు. ప్రోటీను బయటికి పోతుంది కాబట్టి గుడ్లు, పప్పు ఎంత తినాలో డాక్టరును అడగాలి. రోజుకు 4 చొప్పున నెలకు 120 సంచులు ఎండ తగలని చోట పేర్చుకోవాలి. ఆరోగ్యశ్రీ కింద ఈ సంచుల ఖర్చులో ఎంత వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. గొట్టం వేశాక గాయం మానడానికి సాధారణంగా 2 వారాలు ఆగుతారు, అందువల్ల ఈ విచారణలన్నీ ఆయాసంతో ఎమర్జెన్సీకి పరుగెత్తే రోజు రాకముందే మొదలుపెట్టాలి.