కాయిల్ అమ్మేటప్పుడు ఓమ్స్ చెప్పండి

నా దగ్గరున్నది 1972 నాటి ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకునేది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు నడిచాక మిస్సింగ్ మొదలై కాసేపటికి ఆగిపోయేది. బానెట్ ఎత్తి అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. ప్లగ్‌లలో స్పార్క్ కోసం బ్యాటరీ వోల్టేజీని వేలల్లోకి పెంచే కాయిల్ ముసలిదైతే చాలాసార్లు ఇలాగే పోతుంది. లోపల సన్నటి రాగి తీగ చుట్ల మధ్య ఇన్సులేషన్ దెబ్బతింటే, వేడెక్కినప్పుడు షార్ట్ అవుతుంది, చల్లారాక సర్దుకుంటుంది. స్పార్క్‌ని ఒక్కో ప్లగ్‌కి పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న కెపాసిటర్, అంటే కండెన్సర్ పోయినా దాదాపు ఇవే లక్షణాలు కాబట్టి ముందు అది మార్చి చూశాను. తేడా లేదు. ఇక కాయిల్ కొనక తప్పలేదు.

"1962 నుంచి 1980 వరకు అన్ని ఎం.జి.బి.లకూ సరిపోతుంది" అని రాసి ఉన్న స్పోర్ట్స్ కాయిల్ ఒకటి తెప్పించాను. బిగించిన రోజు బండి హాయిగా నడిచింది. మూడో వారంలో మళ్లీ మిస్సింగ్. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే పాయింట్స్ మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి విడదీసి చూస్తే, కొత్తగా వేసిన పాయింట్స్ రెండు మొహాలూ నీలంగా కాలిపోయి, గరుకు తేలి ఉన్నాయి. వేడికి కాయిల్ మీద చెయ్యి ఆనడం లేదు. చల్లారాక వైర్లు ఊడదీసి, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి రెజిస్టెన్స్, అంటే కరెంటుకి కాయిల్ తీగ ఇచ్చే అడ్డు ఎన్ని ఓమ్స్ ఉందో చూశాను. 1.5 ఓమ్స్. నా బండికి కావాల్సింది 3.

చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సిస్టమ్‌లో దాదాపు 14 వోల్టులు ఉంటాయి. 3 ఓమ్స్ కాయిల్ అయితే పాయింట్స్ మూసుకున్నప్పుడు పారే కరెంటు ఐదు ఆంపియర్ల లోపే. 1.5 ఓమ్స్ అయితే తొమ్మిది దాటుతుంది. పాయింట్స్ విడిపోయిన ప్రతిసారీ తెంచాల్సిన కరెంటు అది. కాలిపోక ఏం చేస్తాయి?

అలాగని 1.5 ఓమ్స్ కాయిల్ చెడ్డదేం కాదు. దాన్ని బలాస్ట్ రెజిస్టర్ ఉన్న బండి కోసం చేస్తారు. సెల్ఫ్ తిరిగేటప్పుడు స్టార్టర్ మోటారు కరెంటు లాగేసుకుని బ్యాటరీ తొమ్మిది పది వోల్టులకి పడిపోతుంది, స్పార్క్ నీరసిస్తుంది. అందుకని కాయిల్‌ని తక్కువ వోల్టేజీకే సరిపోయేలా చేసి, మామూలుగా నడిచేటప్పుడు దాని ముందు ఇంకో ఒకటిన్నర ఓమ్స్ రెజిస్టెన్స్ అడ్డం పెడతారు, అదే బలాస్ట్. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం దాన్ని తప్పించి బ్యాటరీ వోల్టేజీ నేరుగా ఇస్తారు. మంచి ఏర్పాటు. 1974 చివర్లో వచ్చిన రబ్బరు బంపర్ ఎం.జి.బి.లలో ఇదే ఉంది. నాదానిలాంటి అంతకుముందు బండ్లలో లేదు. మరి రెండిటికీ ఒకే కాయిల్ "సరిపోతుంది" అని ఎలా రాస్తారు? బలాస్ట్ ఉన్న బండికి 3 ఓమ్స్‌ది వేస్తే ఏమీ కాలదు గానీ, స్పార్క్ బలహీనపడి చలిలో స్టార్టింగ్ ట్రబుల్ మొదలవుతుంది. అప్పుడు పాపం ఆ మనిషి కార్బురెటర్ విప్పుకుంటూ కూర్చుంటాడు.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "కస్టమర్లు మోడల్ పేరే అడుగుతారండీ, ఓమ్స్ ఎవరడుగుతారు?" నాకు కోపం వచ్చింది ఇక్కడే. యాభై ఏళ్ల బండికి మోడల్ పేరు ఏం హామీ ఇస్తుంది? ఈపాటికి ఎన్ని చేతులు మారి ఉంటుంది! ఒకాయన వైరింగ్ మొత్తం మార్చి ఉంటాడు, ఇంకొకాయన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి ఉంటాడు, మరొకరు బలాస్ట్ వైరు తీసేసి మామూలు వైరు లాగి ఉంటారు. డబ్బా ఆకారం చూసి కొందామన్నా కుదరదు. 1969 పోర్షా 911 ఎస్‌లో కెపాసిటర్ డిశ్చార్జి ఇగ్నిషన్ ఉంటుంది, అంటే కెపాసిటర్‌లో నిల్వ చేసిన విద్యుత్తుని ఒక్కసారిగా కాయిల్‌లోకి వదిలే పద్ధతి. దాని కాయిల్ పని తీరే వేరు, మామూలుది తెచ్చి పెట్టకూడదు. పైనుంచి చూస్తే అదీ ఒక రేకు డబ్బాయే.

కొనే ముందు మీ బండి ఏ రకమో మీరే చూసుకోండి, రెండు నిమిషాల పని. పాయింట్స్ మూసుకున్న స్థితిలో ఇగ్నిషన్ ఆన్ చేసి, కాయిల్‌కి ఫీడ్ వచ్చే టెర్మినల్ దగ్గర వోల్టేజీ చూడండి. పన్నెండుకి దగ్గరగా ఉంటే బలాస్ట్ లేదు, ఆరేడు వోల్టులుంటే ఉన్నట్టు. చూసిన వెంటనే ఆఫ్ చేయండి, ఇంజిన్ తిరగకుండా అలా వదిలేస్తే కాయిల్ ఉడికిపోతుంది. ఓమ్స్ కొలిచేటప్పుడు ముందు మీటర్ ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి ఆనించి, అప్పుడు కనిపించే 0.2, 0.3 ఓమ్స్ లాంటి రీడింగ్‌ని కొలతలోంచి తీసేయండి. ఇంత చిన్న అంకెల దగ్గర అదే మోసం చేస్తుంది. పాత లూకాస్ కాయిల్స్ మీద ప్లస్, మైనస్ బదులు ఎస్.డబ్ల్యూ., సి.బి. అని ఉంటాయి. 1967కి ముందు ఎం.జి.బి.లు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బండి బాడీకి కలిపి ఉంటుంది కాబట్టి, వాటికి కొత్త కాయిల్ పెట్టేటప్పుడు మైనస్ స్విచ్ వైపు, ప్లస్ డిస్ట్రిబ్యూటర్ వైపు రావాలి. తిరగేస్తే బండి నడుస్తుంది గానీ, ప్లగ్ దగ్గర స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి.

ఇదేమీ రహస్య విద్య కాదు. అమెరికన్ ఇంజినీర్ చార్లెస్ కెట్టరింగ్ వందేళ్ల కిందట రూపొందించిన ఇగ్నిషన్ పద్ధతి ఇది. లేబుల్ మీద "ప్రైమరీ 3 ఓమ్స్, బలాస్ట్ వద్దు" అని ఒక్క వరస అచ్చు వేయడానికి ఏమవుతుంది? అలా వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. రెండోసారి అలాంటివాళ్ల దగ్గరే కొన్నాను, కొత్త పాయింట్స్ కూడా వేశాను. మొన్న రెండు గంటలు ఎండలో నడిపినా ఒక్క మిస్సింగ్ లేదు. బానెట్ లోపలి వైపు చిన్న రేకు ముక్క మీద "బలాస్ట్ లేదు, కాయిల్ 3 ఓమ్స్, నెగటివ్ ఎర్త్" అని పెయింటుతో రాసి బిగించాను, నా తర్వాత ఈ బండి తీసుకునేవాళ్ల కోసం.