ట్రాలీకి ఇంజిన్ లేదు, నిజమే. బ్రేకు కూడా లేదు

పది రోజులుగా మా ఊరి గ్రూపులో, మా బామ్మర్ది వాళ్ల ఊరి గ్రూపులో, ట్రాక్టర్ ఓనర్ల గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతోంది. నాకే ఏడుగురు పంపారు. కుదించి చెప్తే అందులో ఉన్నది ఇదీ: "ట్రాలీలకు ఫిట్‌నెస్ తనిఖీ పెట్టాలంటున్నారు, ఇది రైతు జేబుకు చిల్లు. ట్రాలీకి ఇంజిన్ లేదు, చెడిపోయేదేమీ లేదు. ఏడాదిలో నాలుగు రోజులు రోడ్డెక్కే బండి. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఇల్లంత క్యారవాన్‌ను కారు వెనక తగిలించుకుని తిరుగుతారు, వాటికే తనిఖీ లేదు. ప్రమాదాలు డ్రైవర్ తప్పుతో అవుతాయి. ఫిట్‌నెస్ తప్పనిసరైన బస్సే కొండగట్టు మీంచి పడలేదా? ఇన్సూరెన్స్ ఉంటే చాలు. తనిఖీ అంటే మామూళ్లే. పది గ్రూపులకు పంపండి."

నేను పరకాల రోడ్డు మీద వెల్డింగ్ షెడ్డు నడుపుతాను. ట్రాలీలు కట్టడం, విరిగినవి అతకడం ఇరవై రెండేళ్లుగా నా పని. తనిఖీ పెడితే షెడ్డుకు గిరాకీ పెరుగుతుందని ఇదంతా రాస్తున్నానని ఎవరైనా అనొచ్చు. ఉన్నమాట చెప్తున్నా, నాకు ఎక్కువ పైసలు తెచ్చేది నడిరోడ్డు మీద విరిగిన ట్రాలీయే. ముందే చూసి మార్చిన పిన్నుకు నాకు మిగిలేది చాయ్ ఖర్చు.

మొదటి మాట, ఇంజిన్ లేదు కాబట్టి చెడిపోయేదేమీ లేదన్నది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిగతా మెసేజ్ అంతా దీని మీదే నిలబడింది.

ఒక 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ బరువు సుమారు 2 టన్నులు. వెనక ట్రాలీలో 5 టన్నుల పచ్చి వడ్లు పోశాం అనుకోండి. ట్రాలీ బరువు దానికి అదనం. నా షెడ్డుకు వచ్చే ట్రాలీల్లో బ్రేకు ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే ఆ మొత్తం బరువును ఆపాల్సింది ట్రాక్టర్ వెనక చక్రాల బ్రేకులొక్కటే. పొలం గట్టు మీద మెల్లగా పోతున్నప్పుడు ఇది తెలియదు. దిగుడు రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తుంది. ట్రాక్టర్ ఆగుతుంది, ట్రాలీ ఆగదు. వెనక నుంచి తోస్తుంది. తోసినప్పుడు రెండూ ఒకే గీతలో ఉంటే బతికిపోయినట్టు. కొంచెం వంకరగా ఉన్నా మధ్యలో కత్తెరలా మడత పడి ట్రాక్టర్ పక్కకు దొర్లుతుంది. పైగా 20 కిలోమీటర్ల వేగంలో ఆపడానికి ఎంత దూరం పడుతుందో, 40లో దానికి నాలుగు రెట్లు పడుతుంది. ఇప్పటి ట్రాక్టర్లు 30 దాటి సులువుగా పోతాయి. ట్రాలీలు మాత్రం ఎడ్లబండి లెక్కలోనే కడుతున్నాం. కట్టినవాణ్ని నేనూ ఒకణ్ని.

ఇంకొకటి. ట్రాక్టర్‌కు ఎడమ బ్రేకు, కుడి బ్రేకు వేరువేరుగా ఉంటాయి, దున్నేటప్పుడు మూల మీద తిప్పుకోవడానికి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడల్‌లను గొళ్లెంతో కలపాలి. ఆ గొళ్లెం ఊడిపోయిన ట్రాక్టర్లు ఎన్ని ఉన్నాయో చూడాలంటే ఏ అంగడి రోజైనా నిలబడి చూడండి. ఒక్క పెడల్ తొక్కితే ఒక్క చక్రమే ఆగుతుంది, వెనక 5 టన్నులుంటే ఇక చెప్పేదేముంది.

ఇక ట్రాలీ సంగతి. ట్రాక్టర్‌కు తగిలించే హుక్కు కన్ను లోపల అరిగి గుడ్డు ఆకారం తిరుగుతుంది. ఆ కన్నులో దూర్చే పిన్ను నడుము దగ్గర సన్నబడుతుంది. అసలు పిన్ను పోతే ఇనుప చువ్వ ముక్క దూర్చి నడుపుతారు, నేను ఎన్నో చూశాను. రెండు చక్రాల ట్రాలీలో సరుకు వెనక్కి ఎక్కువ పడితే ముందు భాగం పైకి లేచి ఆ పిన్నును పైకి గుంజుతుంది, కింద చీలపిన్ను లేకపోతే పిన్ను ఎగిరిపోతుంది. బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అంటే కమాన్ పట్టీల్లో ఒకటి విరిగితే ట్రాలీ ఒక పక్కకు ఒరుగుతుంది, అయినా పంట అయిపోయేదాకా నడుస్తుంది. వెనక డోరు కొక్కెం, రీబటన్ చేయించిన (పాతదాని మీద కొత్త రబ్బరు వేయించిన) టైర్లు, ఒకసారి విరిగి అతికిన చోటే మళ్లీ పగిలిన చాసిస్. వీటిలో ఒక్కదానికీ ఇంజిన్‌తో పని లేదు. చట్టం కూడా ఇంజిన్ చూసి మాట్లాడదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28)లో మోటారు వాహనం అంటే ట్రయలర్ కూడా అని రాసి ఉంది.

ఏడాదిలో నాలుగు రోజులే రోడ్డెక్కుతుంది అన్నది రెండో మాట. పత్తి, మిర్చి పండించే ఊళ్లలో ఈ మాట అంటే నవ్వుతారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో సీజన్‌లో రాత్రి పూట నిలబడ్డ ట్రాక్టర్ల వరస చూసినవాళ్లకు తెలుసు నాలుగు రోజులో, నలభై రోజులో. అయినా సరే, నాలుగు రోజులే అనుకుందాం. అసలు భయం అక్కడే ఉంది.

2020 మేడారం జాతరకు మా బామ్మర్ది ట్రాలీలో పోయాం. ఇంగ్లండోళ్ల క్యారవాన్ సంగతి నాకు తెలియదు గానీ మన క్యారవాన్ ఇదే. వెదురు బద్దలు వంచి పైన టార్పాలిన్, కింద వరిగడ్డి, గడ్డి మీద జంపఖానాలు, మూలకు స్టవ్వు, గ్యాస్ సిలిండర్, కాళ్లు కట్టేసిన కోళ్లు, అమ్మవార్లకు నిలువెత్తు బంగారం అని తూకం వేయించిన బెల్లం. పిల్లలతో కలిపి ఇరవై రెండు మందిమి. ట్రాలీలో మనుషులు ఎక్కకూడదని నాకు తెలియక కాదు. అందరూ పోతుంటే ఎక్కాను. ఆత్మకూరులో బయల్దేరి ములుగు ఇవతల గట్టమ్మ గుడి దగ్గర ఆగాం, అక్కడ ఆగి మొక్కకుండా ఎవరూ ముందుకు పోరు కదా. అలవాటుగా చక్రాల చుట్టూ తిరిగాను. కుడి చక్రం నడిమి హబ్ మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమని కాలింది.

"ఏమైతది బావా, ఇంక యాభై కిలోమీటర్లు పోదాం. ఏడాదంత షెడ్డు కిందనే ఉన్నది, కొత్త లెక్కనే" అన్నాడు బామ్మర్ది.

జాక్ పెట్టి ఇప్పితే లోపల గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. బేరింగ్ రోలర్లు కాలి నీలం తిరిగాయి. ఇంకో పది కిలోమీటర్లు పోతే చక్రం హబ్‌తో సహా ఊడి పక్కన నడిచిపోయే జనం మీదికి పోయేది. ములుగులో బేరింగ్ దొరికి, బిగించి కదిలేసరికి పొద్దుగూకింది. ఆ ట్రాలీ ఎక్కువ తిరిగి చెడలేదు. తిరగక చెడింది. నిలబడ్డ బండిలో గ్రీజు నూనె విడిచి గడ్డకడుతుంది, తడి చేరి బేరింగ్ తుప్పు పడుతుంది, టైరు ఒకే చోట బరువు మోసి ఎండకు పక్కగోడలు పగుళ్లిస్తుంది. పూలు అరగని టైరు చూసి కొత్తదే అనుకుంటాం, దాని వయసు పదేళ్లు దాటి ఉంటుంది. విదేశాల్లో క్యారవాన్ వాళ్ల కష్టం కూడా సరిగ్గా ఇదే. చలికాలమంతా నిలబెట్టి, సెలవులు రాగానే ఒకేసారి వందల కిలోమీటర్లు లాగుతారు. అందుకే క్యారవాన్ టైర్లు అరుగుదల చూసి కాదు, వయసు చూసి మార్చమంటారు.

విదేశాల మాట వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. మెసేజ్ రాసినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. బ్రిటన్‌లో కారు వెనక లాగే మామూలు క్యారవాన్‌కు అక్కడ కార్లకు ఏటేటా జరిగే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష లేదు. టెక్సస్ రాష్ట్రం 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు సేఫ్టీ తనిఖీ తీసేసింది, వ్యాపార వాహనాలకు మాత్రం ఉంచింది. ఇక్కడిదాకా నిజం. చెప్పకుండా వదిలేసింది ఏమిటంటే, అదే బ్రిటన్‌లో 750 కిలోలు దాటిన ట్రయలర్‌కు బ్రేకు తప్పనిసరి, లంకె ఊడితే దానంతటది బ్రేకు పడేలా తీగ ఉండాలి. ఇంజిన్ ఉన్న మోటార్‌హోమ్‌కైతే మూడేళ్లు నిండాక పరీక్ష ఉంది. జర్మనీలో క్యారవాన్‌ను రెండేళ్లకోసారి తనిఖీకి తీసుకుపోవాలి. న్యూజిలాండ్‌లో చిన్న ట్రయలర్లకు, క్యారవాన్లకు కూడా ఫిట్‌నెస్ పత్రం ఉంది. ఐరోపా యూనియన్ 2014లో చేసిన నిబంధన ప్రకారం, 40 కిలోమీటర్ల వేగం దాటే ట్రాక్టర్లను ముఖ్యంగా వ్యాపార రవాణాకు రోడ్డు మీద వాడితే వాటికీ పరీక్ష ఉంది. బ్రేకు, లంకె ఊడినా పట్టి ఉంచే గొలుసు, తీగ అన్నీ ఉన్న దేశం "తనిఖీ వద్దులే" అనడం వేరు. ఇవేవీ లేని మనం అనడం వేరు.

మన దగ్గర సరుకు లారీకి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. వ్యవసాయ ట్రాక్టర్ చట్టం లెక్కలో రవాణేతర వాహనం, అంటే కిరాయికి మోసే బండి కాదు. సొంతానికి వాడుకునే, లోపలే పడుకునే క్యాంపర్ వ్యాన్ కూడా అంతే. అలాంటివాటికి 15 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ వచ్చేదాకా ఎవరూ కిందికి వంగి చూడరు. అద్దెకు ఇటుక, ఇసుక మోసే ట్రాలీ వేరే లెక్క. ట్రాక్టర్, ట్రాలీ కలిసి సరుకు మోస్తే అది గూడ్స్ బండే అని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. పొద్దున సొంత వడ్లు, మధ్యాహ్నం కిరాయి ఇటుకలు మోసే ట్రాలీలు మన దగ్గర ఎన్ని లేవు?

ప్రమాదాలన్నీ డ్రైవర్ తప్పేనన్నది తర్వాతి మాట. డ్రైవర్ తప్పు లేదని నేననను. తాగి నడిపేవాడు ఉన్నాడు, పదహారేళ్ల పిల్లగాడికి స్టీరింగ్ ఇచ్చే తండ్రీ ఉన్నాడు. కానీ రాత్రి పూట టైరు పగిలి రోడ్డు మీద నిలబడ్డ ట్రాలీ చుట్టూ నాలుగు రాళ్లు, ఒక తుమ్మ కొమ్మ పెట్టి ఇంటికి పోతామే, వెనక నుంచి బైకు మీద వచ్చి దాన్ని గుద్దిన పిల్లగాడిది ఏం తప్పు? ట్రాలీకి వెనక ఎర్ర రేడియం పట్టీ, పక్కన పసుపుది, ముందు తెల్లది ఉంటే వాడికి దూరం నుంచే కనపడేది. చాలా ట్రాలీలకు వెనక నంబరే కనపడదు, పట్టీ ఎక్కడిది.

కొండగట్టు ఉదాహరణ నన్ను నిజంగా బాధపెట్టింది. 2018 సెప్టెంబర్ 11న ఆ ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు మీంచి లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో వంద మంది దాకా ఉన్నారు. తనిఖీ చేసేవాడు ఇనుమును చూస్తాడు, రేపు అందులో ఎంతమంది ఎక్కుతారో చూడలేడు. ఫిట్‌నెస్ ఉన్న బస్సు కూడా పడింది కాబట్టి ఫిట్‌నెస్సే వద్దనడం, మందు వేసుకున్నవాడు కూడా చచ్చిపోయాడు కాబట్టి దవాఖాన మూసేయమన్నట్టుంది. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. తనిఖీ ఉంటే అది ఆగేదని నేననను. మనుషులను మోయని బండి అని మనం లెక్కపెట్టని ట్రాలీలోనే కైకిలికి, అంటే కూలి పనికి పోయే ఆడవాళ్లు రోజూ కూర్చుంటున్నారని మాత్రం అంటాను.

ఇన్సూరెన్స్ చాలన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. మీ పాలసీ కాగితం తీసి చూడండి, ట్రాక్టర్ ఒక్కటే ఉందా, ట్రాలీ కూడా రాసి ఉందా. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనిషికి పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆ కేసులో కంపెనీని ముందు నష్టపరిహారం కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమంది. ఓనర్ అంటే మెసేజ్ పంపిన మనమే. ఎకరం అమ్మాల్సి వచ్చేది అప్పుడు.

చివరిది మామూళ్లు. ఇందులో మెసేజ్ రాసినవాళ్లతో నాకు పేచీ లేదు. నలభై కిలోమీటర్ల అవతల ఆఫీసుకు ట్రాలీ గుంజుకుపోయి, రోజు కూలి పోగొట్టుకుని, బ్రోకర్ చేతిలో పైసలు పెడితే బండి చూడకుండానే సంతకం పడుతుందంటే అలాంటి తనిఖీ నాకూ వద్దు. అది బండిని బాగుచేయదు, కాగితాన్ని బాగుచేస్తుంది. కానీ దీనికి మందు తనిఖీ తీసేయడం కాదు, తనిఖీని ట్రాలీ ఉన్న చోటికి తేవడం. ఒక ట్రాలీని చూడడానికి నాకు ఇరవై నిమిషాలు చాలు. హుక్కు కన్ను, పిన్ను, చీలపిన్ను, గొలుసు. జాక్ లేపి చక్రం ఊపి చూడడం. కమాన్ పట్టీలు. టైరు మీద అచ్చు వేసిన తయారీ వారం, ఏడాది. పెడల్ గొళ్లెం. రేడియం పట్టీలు. ఎనుమాములలో వేలం కోసం గంటలకొద్దీ వరసలో నిలబడతాం కదా, ఆ వరసలోనే చూడొచ్చు. ఫీజు గేటు దగ్గరే బోర్డు మీద రాయాలి. అందరి ముందు చూస్తే చేతులు మారే పైసలు కూడా తగ్గుతాయి. కొత్తగా కట్టే ట్రాలీకి బ్రేకు లేకుండా రిజిస్ట్రేషన్ ఇవ్వొద్దు. దీనికి నాలాంటి షెడ్డు వాళ్లు ఒప్పుకోరు, ఖర్చు పెరుగుతుంది, తెలుసు.

ఎన్నేళ్లకోసారి అంటే, మా దగ్గర లెక్క సులువు. జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. దానికి నెల ముందు ఊరి కాడనే ఒకసారి చూడాలి. అక్కడ తప్పించుకున్న ట్రాలీని మేడారం దారిలో పస్రా దాటాక ఆపి లాభం లేదు, ఆ జనంలో వెనక్కి తిప్పే జాగ ఉండదు. గట్టమ్మ దగ్గర ఎట్లాగూ అందరూ ఆగుతారు. ఇద్దరు మెకానిక్‌లు, ఒక జాక్, ఒక గ్రీజు డబ్బా అక్కడ ఉంటే చాలు.