గడప దాటని ధిక్కారం

నాజీ జర్మనీలో చర్చిల పాత్ర అనగానే హిట్లర్‌కు చేయి చాచి వందనం చేస్తున్న బిషప్పుల ఫోటోలే ఎవరైనా చూపిస్తారు. ఆ ఫోటోలు నిజమైనవే. అయితే వాటినే చూస్తూ అసలు పని ఎక్కడ జరిగిందో మరిచిపోతున్నాం. అది ఊరూరా చర్చి ఆఫీసు గదుల్లో, బాప్తిస్మ రిజిస్టర్లు దాచిన బీరువాల దగ్గర జరిగింది.

1933 ఏప్రిల్ 7 నాటి చట్టం ‘ఆర్యులు’ కానివారిని ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించమంది. తల్లి వైపు గానీ తండ్రి వైపు గానీ అవ్వాతాతల్లో ఒక్కరు యూదులైనా చాలు, ఆ మనిషి ఆర్యుడు కాడు. మరి అవ్వాతాతలు ఎవరో తేల్చేదెలా? జర్మనీ అంతటా ప్రభుత్వమే జననాలు నమోదు చేయడం 1876లో గానీ మొదలుకాలేదు. అంతకుముందు పుట్టినవారి వివరాలు చాలావరకు చర్చి పుస్తకాల్లోనే ఉన్నాయి. దాంతో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వైద్యులు అందరూ చర్చి ఆఫీసులకు ఉత్తరాలు రాశారు. పాస్టర్లు పుస్తకం తీశారు, పేరు వెతికారు, ధ్రువపత్రం రాసి ముద్ర వేసి పంపారు. 1936లో బెర్లిన్ ప్రొటెస్టెంట్ చర్చి మరీ ముందుకు వెళ్లింది. నగరంలోని పాత రిజిస్టర్లను ఒకచోట చేర్చి కేంద్ర కార్యాలయం తెరిచింది. దాన్ని కార్ల్ థేమెల్ అనే నాజీ పాస్టర్‌కు అప్పగించింది. బాప్తిస్మం తీసుకున్న యూదుల పేర్లను అక్కడ ఏరి, విడిగా కార్డులు రాశారు. ఒకనాడు తలమీద నీళ్లు చిలకరించి, ప్రార్థన చేసి, సంఘంలో చేర్చుకున్న మనిషి మనవడిని చర్చి అదే పుస్తకం తెరిచి పట్టిచ్చింది.

ఆ పాస్టర్లలో యూదులను ద్వేషించేవారు ఉన్నారు, అయ్యో పాపం అనుకున్నవారూ ఉన్నారు. ధ్రువపత్రం మాత్రం ఇద్దరి బల్ల మీద నుంచీ వెళ్లింది. అందుకే చర్చిల అపరాధాన్ని మతద్వేషం ఒక్కదానితోనే వివరించే వాదన నాకు చాలదు. మా ఆస్తులు, మా బడులు, మా ఆరాధన మాకు వదిలేస్తే చాలు, మిగతాది ప్రభుత్వం ఇష్టం అనే బేరంతోనే అవి లొంగిపోయాయి.

ఆ బేరం ఎంత తొందరగా కుదిరిందో చూడండి. హిట్లర్‌కు సర్వాధికారాలూ కట్టబెట్టిన చట్టానికి 1933 మార్చి 23న క్యాథలిక్కుల సెంటర్ పార్టీ ఓటు వేసింది. ఆ పార్టీ అధ్యక్షుడు లుడ్విగ్ కాస్ స్వయంగా క్యాథలిక్ గురువు. జూలై 20న వాటికన్ హిట్లర్ ప్రభుత్వంతో కాంకోర్డాట్ అనే ఒప్పందం చేసుకుంది. వాటికన్ తరఫున సంతకం పెట్టిన కార్డినల్ పచెల్లీయే తరువాత 12వ పయస్ పేరుతో పోప్ అయ్యాడు. బెర్లిన్ మంత్రివర్గం ఈ ఒప్పందాన్ని ఆమోదించింది జూలై 14న. వికలాంగులకు, మానసిక రోగులకు బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే చట్టం కూడా ఆమోదం పొందింది అదే సమావేశంలోనే. సంతకాలకు అడ్డు రాకూడదని ఆ చట్టాన్ని కొన్ని రోజులు బయటపెట్టకుండా దాచారు. ఇంత చేసి చర్చికి దక్కిందేమిటి? కొన్నేళ్లలోనే క్యాథలిక్ యువజన సంఘాలు రద్దయ్యాయి, బడులు మూతపడ్డాయి. ప్రొటెస్టెంట్లదీ అదే గతి. 1938లో వేలమంది పాస్టర్లు హిట్లర్‌కు విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేస్తే, ఆ ప్రమాణం తాము అడగనేలేదని నాజీ పార్టీ తేల్చేసింది.

ఎదిరించినవారి సంగతి ఇంకా బాధాకరం. బైబిలు నుంచి పాత నిబంధననే తీసేయాలన్న ‘జర్మన్ క్రైస్తవులు’ అనే నాజీ అనుకూల ప్రొటెస్టెంట్ వర్గం మీద పాస్టర్ మార్టిన్ నీమొల్లర్, వేదాంతి కార్ల్ బార్త్ వంటివారు తిరగబడ్డారు. 1934 మేలో బార్మెన్‌లో చేసిన ప్రకటన, సంఘానికి క్రీస్తు తప్ప వేరే నాయకుడు లేడని తేల్చి చెప్పింది. దాని ధైర్యాన్ని నేను తక్కువ చేయను. నీమొల్లర్ 1937 నుంచి 1945 వరకు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. కానీ ఆ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. యూదు మూలాలున్న పాస్టర్లను తొలగించకూడదని పోరాడినవారు, వీధిలో యూదుడి దుకాణం పగలగొడుతుంటే అది చర్చి వ్యవహారం కాదనుకున్నారు. బాధితుడు క్రైస్తవుడు కాకపోయినా అతడి పక్షాన నిలవడం చర్చి విధి అని 1933 ఏప్రిల్‌లోనే రాసిన డీట్రిచ్ బోన్‌హోఫర్ ఆనాడు దాదాపు ఒంటరి. 1938 నవంబరులో సినగోగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, తగలబడ్డాయి. సుమారు 30,000 మంది యూదు పురుషులను శిబిరాలకు తరలించారు. బిషప్పులు నోరు మెదపలేదు. ఓబర్‌లెనింగెన్ అనే చిన్న ఊళ్లో యూలియస్ ఫాన్ యాన్ అనే పాస్టర్ వారం తిరగకముందే ప్రసంగ వేదిక ఎక్కి ఆ దారుణాన్ని ఖండించాడు. మూక అతణ్ని చితకబాదింది, కోర్టు జైలుకు పంపింది. 1941 డిసెంబరుకల్లా ‘జర్మన్ క్రైస్తవుల’ చేతిలో ఉన్న ఏడు ప్రాంతీయ ప్రొటెస్టెంట్ చర్చిలు యూదు మూలాలున్న క్రైస్తవులతో తమకు సంబంధం లేదని ప్రకటించాయి. గడప లోపలివారిని కాపాడతామని మొదలైన పోరాటం, చివరికి ఆ లోపలివారినీ కాపాడలేకపోయింది.

నోరు విప్పి ఉంటే మరింత కీడు జరిగేదని కొందరు అంటారు. 1942 జూలైలో నెదర్లాండ్స్ బిషప్పులు యూదుల తరలింపును ఖండిస్తే, నాజీలు ప్రతీకారంగా క్యాథలిక్కులుగా మారిన యూదులను కూడా పట్టుకుపోయారు. ఎడిత్ స్టెయిన్ అనే సన్యాసిని అలాగే ఆష్‌విట్జ్‌లో చనిపోయింది. ఈ ఉదాహరణ తేలిగ్గా కొట్టేయదగినది కాదు. కానీ అది రైళ్లు కదిలిన తరువాతి మాట. 1933లో ఆరున్నర కోట్ల జర్మన్లలో యూదులు సుమారు 5 లక్షలే, మిగతావారిలో అత్యధికులు ఏదో ఒక చర్చి సభ్యులు. అప్పుడు మాట్లాడటానికి ఏం అడ్డొచ్చింది? 1941 ఆగస్టు 3న మున్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్, ప్రభుత్వం రహస్యంగా సాగిస్తున్న మానసిక రోగుల, వికలాంగుల హత్యలను వేదిక మీదే బయటపెట్టాడు. మూడు వారాలకు హిట్లర్ ఆ కార్యక్రమాన్ని అధికారికంగా ఆపించాడు. హత్యలు రహస్యంగా కొనసాగినా, గాలెన్‌ను అరెస్టు చేసే సాహసం ప్రభుత్వం చేయలేదు. ఆ రోగులు జర్మన్ కుటుంబాల బిడ్డలు. యూదుల కోసం అలాంటి ప్రసంగం ఏ జర్మన్ బిషప్ నోటి నుంచీ రాలేదు.

వేరే దారి ఉందని చిలీ నిరూపించింది. 1973లో పినోచెట్ సైనిక పాలన వచ్చాక, చర్చిలు కలిసి పెట్టిన సహాయ కమిటీని అతడు బలవంతంగా మూయించాడు. వెంటనే 1976 జనవరిలో కార్డినల్ రావుల్ సిల్వా హెన్రికెస్ ‘వికరియా’ అనే సంస్థను నేరుగా తన అధికారం కింద తెరిచాడు. సాయం కోసం వచ్చినవారిలో చర్చి మొహం చూడని కమ్యూనిస్టులు ఎందరో ఉన్నారు. వారి మతం ఎవరూ అడగలేదు. న్యాయవాదులు వేల పిటిషన్లు వేశారు, కోర్టులు దాదాపు అన్నిటినీ కొట్టేశాయి. అయినా మాయమైన ప్రతి మనిషి పేరు, పట్టుకుపోయిన తేదీ, సాక్షుల మాటలు ఫైళ్లలో నమోదయ్యాయి. 1978లో లోన్‌కెన్ సున్నపు బట్టీల్లో 15 శవాలు బయటపడ్డప్పుడు వారు ఎవరో చెప్పడానికి ఆ ఫైళ్లున్నాయి. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక సత్యశోధన కమిషన్ పనికీ అవే ఆధారమయ్యాయి. పక్కనున్న అర్జెంటీనాలో అదే పోప్ కింద ఉన్న చర్చి పెద్దలు సైనిక పాలకులతో అంటకాగారు. హత్యల్లో, చిత్రహింసల్లో పాలుపంచుకున్నందుకు పోలీసు శాఖలో పనిచేసిన క్రిస్టియన్ ఫాన్ వెర్నిక్ అనే క్యాథలిక్ గురువుకు 2007లో యావజ్జీవ శిక్ష పడింది.

ఇప్పుడు రష్యాలో ఆర్థొడాక్స్ చర్చి అధిపతి పాట్రియార్క్ కిరిల్, ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోతే పాపాలన్నీ కడిగేసుకుపోతాయని 2022లో బోధించాడు. ప్రార్థనలో ‘విజయం’ బదులు ‘శాంతి’ అన్నందుకు ఒక మాస్కో గురువు మరుసటి ఏడాది పదవి పోగొట్టుకున్నాడు. ఇది అందరికీ కనిపించే అపరాధం. నాకు ఎక్కువ భయం కలిగించేది కనిపించనిది. చర్చిలు, ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలు, పత్రికలు అన్నీ ‘మా స్వయంప్రతిపత్తి’ అనే మాట పట్టుకుని మిగతా వాటికి మౌనం పాటిస్తున్నాయి. ఆనాటి పాస్టర్ ఒక పేరు వెతకడానికి పూట పట్టి ఉండవచ్చు. ఈనాడు ఆస్పత్రి రోగుల జాబితా, బడి పిల్లల వివరాలు, విరాళాలిచ్చినవారి ఖాతాలు ఒక్క మీటతో ప్రభుత్వం చేతికి వెళ్తాయి, ఎవరి మనస్సాక్షికీ పని పెట్టకుండా.

జర్మన్ లూథరన్ మిషనరీలు 1840లలోనే రాజమండ్రికి వచ్చారు. అధికారులకు లోబడమనే రోమా పత్రిక 13వ అధ్యాయం మన సంఘాల్లోనూ వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద ఎన్ని ప్రసంగాలైనా చేసుకోండి. అంతకన్నా ముందు సంఘం కమిటీ కూర్చుని ఒక తీర్మానం రాసుకోవాలి: మన దగ్గరున్న ఏ వివరాలను, ఏ ప్రభుత్వం అడిగినా ఇవ్వబోమో. అందులో మన సభ్యుల పేర్లే కాక, మన బడిలో చదివే, మన ఆస్పత్రికి వచ్చే ఇతర మతస్థుల పేర్లూ ఉండాలి. ఒత్తిడి వచ్చాక రాసుకునే వ్యవధి ఉండదు. 1933లో హిట్లర్ గద్దెనెక్కిన జనవరికీ, వాటికన్ సంతకం పెట్టిన జూలైకీ మధ్య ఆరు నెలలు కూడా లేవు.