మళ్లీ వైఫై పోయింది

నా కంప్యూటర్లో లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టానో లేదో, వైఫై మాయం. మా అనంతపురంలో కరెంటు కోతకైనా ముందు మెసేజ్ వస్తుంది, దీనికి అదీ లేదు.

వైఫై కోసం పెట్టుకున్న నా యూఎస్‌బీ డాంగిల్‌ని నడిపే కోడ్, అదే డ్రైవర్, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో భాగం కాదు. కెర్నల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే టూల్ ఆ డ్రైవర్ని మళ్లీ బిల్డ్ చేయాలి. ఈసారి చేతులెత్తేసింది. లాగ్ తెరిస్తే, డ్రైవర్ కోడ్ అడిగే ‘ఏఎస్ఎం/అన్‌అలైన్డ్.హెచ్’ ఫైలు కెర్నల్‌లో లేదట! ఎందుకుంటుంది? 6.12 కెర్నల్‌లో దాన్ని ‘లినక్స్/’ కిందికి మార్చేశారు. డ్రైవర్ కోడ్‌లో ఆ ఫైలుని పిలిచే ఇన్‌క్లూడ్ లైన్లో ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. కానీ ఆ సంగతి వెతకాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ డ్రైవరే కావాలి! ఫోన్‌కి కేబుల్ గుచ్చి, టెథరింగ్‌తో గట్టెక్కాను.

“ఏమప్పా, ఇంజనీరింగ్ చదివి వైఫై కూడా రాదా నీకు?” అని కింది జిరాక్స్ షాపాయన. ఏం చెప్పేది?

కెర్నల్ వాళ్లని అనలేం. లోపలి ఫంక్షన్లు ఎప్పుడైనా మారతాయని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. నా ఒళ్లు మండేది డాంగిల్ కంపెనీ మీద. కోడ్ ఒకసారి పడేసి, మళ్లీ ఇటు తొంగిచూడలేదు. ఇంతలో 6.15 కెర్నల్‌లో ‘డెల్_టైమర్’ అనే ఫంక్షన్ ఎత్తేసి ‘టైమర్_డిలీట్’ వాడమన్నారు. ఆ డ్రైవర్లో అది ఎన్నిచోట్ల ఉందో చూస్తేనే టెన్షన్.