అమ్మమ్మ లీవు పెడితే?

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే పేపర్లలో అదే హెడ్డింగు, ‘బాలికలదే పైచేయి’. ఇంజినీరింగ్ క్లాసుల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, మాదాపూర్ ఫ్రెషర్ల బ్యాచుల్లో అమ్మాయిలకు కొదవ లేదు. అదే ఆఫీసులో మేనేజర్ల మీటింగ్‌కి వెళ్లి చూడండి, ఆ పైచేయి కనబడితే ఒట్టు. మధ్యలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. పాప పుట్టింది.

పిల్లను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు హైదరాబాద్ దగ్గరున్న జవాబు ఒక్కటే, అమ్మమ్మ. నిజాంపేట, మియాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికైనా మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లండి. స్కూలు బస్సు కోసం వాచ్‌మన్ కుర్చీలో ఒకావిడ, మెట్ల మీద ఇద్దరు, మోకాళ్ల నొప్పుల కబుర్లు. మా గేటు దగ్గర ఒకావిడ రోజూ ఆ టైముకే ఊళ్లో ఉన్న భర్తకు ఫోన్ చేస్తుంది. ‘‘ఏవండీ, రాత్రి పాలు తోడు పెట్టారా? మాత్ర వేసుకున్నారా?’’ ఆయన నాలుగు నెలలుగా ఒక్కడే వండుకుంటున్నాడు. మూడు నెలలు అమ్మ, మూడు నెలలు అత్తగారు అని మొదలైన షిఫ్టు ఇది. అత్తగారికి మోకాలి ఆపరేషనయ్యాక డ్యూటీ అంతా ఈవిడ మీదే పడింది. జీతం లేదు, ఆదివారం లేదు. ఈవిడకు జ్వరం వస్తే కూతురి ఆఫీసు కాల్‌లో కెమెరా ఆఫ్. అల్లుడి కాల్ మాత్రం మామూలుగానే నడుస్తుంది.

చట్టం ఏం చేసిందంటారా? 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26కి పెంచారు, మంచిదే. కానీ ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా పథకం) పరిధిలో లేని ఉద్యోగికి ఆ జీతమంతా కంపెనీయే కట్టాలి. దాంతో ఇంటర్వ్యూలో ‘పెళ్లయిందా? పిల్లలెప్పుడు?’ అని నవ్వుతూ అడగడానికి చట్టమే కారణం చూపించినట్టయింది. ప్రైవేటు కంపెనీలో తండ్రికి సెలవివ్వాలని ఏ కేంద్ర చట్టమూ చెప్పదు. కనీసం 50 మంది ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు అన్నారు. ఎవరు? తల్లి. తండ్రి ఊసే లేదు! నన్నడిగితే ఆ చట్టంలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

ఆడవాళ్లే ఇష్టపడి ఉద్యోగం మానేశారు కదా అనేవాళ్లున్నారు. కొందరు నిజంగానే ఇష్టపడ్డారు, కాదనను. కానీ పాప పుట్టాక ఉద్యోగం మానాలనే ఇష్టం ఒక్క మగవాడికీ కలగడం లేదెందుకో వాళ్లే చెప్పాలి. ఎవరి రోజు ఏ పనికి ఎంత పోతుందో కేంద్రం లెక్కగట్టిన 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ పని చేసే మగవాళ్ల సగటు. అసలు చెయ్యనివాళ్లు ఆ లెక్కలోకే రారు.

అమ్మమ్మ లేని ఇంట్లో పనిమనిషి ఉంటుంది. ఆమె బిడ్డను ఆడించేది ఆమె పెద్దకూతురు, చాలాసార్లు బడి మానేసి. ఐటీ కారిడార్‌లో ఒకావిడ ప్రమోషన్ కోసం బస్తీలో ఒక పిల్ల ఆరో తరగతి ఆగిపోతే, దాన్ని సమానత్వం అనడానికి నాకు నోరు రాదు.

ఈ నగరానికి డబ్బు లేదని మాత్రం అనకండి. ఎక్కడ ట్రాఫిక్ ఆగినా ఫ్లైఓవర్ లేస్తుంది. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు మొదలైన ఉచిత బస్సు ఎంతమందిని గడప దాటించిందో ఏ సిటీ బస్సు ఎక్కినా తెలుస్తుంది. తలుచుకుంటే సర్కారు చెయ్యగలదు. జీరో టికెట్‌తో ఆఫీసుకు చేరిన తల్లి తిరిగొచ్చేదాకా పిల్ల ఎక్కడుండాలి? బస్తీకొక క్రెష్, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండాలి. తండ్రికి నెల రోజుల సెలవు, వద్దన్నా తీసుకోవాల్సిందే.

మా గేటు దగ్గరి ఆవిడ సంక్రాంతికి ఊరెళ్తానంటోంది. కూతురు వెంటనే టికెట్ బుక్ చేసింది. రానూపోనూ, నాలుగు రోజులకి.