పేజీ వదిలి బయటికి రావడం నేర్పాలి

చెట్ల మీద బతికే ఆక్టోపస్ గురించి 1998లో ఒక వెబ్‌సైట్ వచ్చింది. అమెరికా వాయవ్య తీరపు అడవుల్లో అది కొమ్మల మీద పాకుతుందట, అంతరించిపోతోందట, మనమే కాపాడాలట. ఫొటోలు, శాస్త్రీయ నామం, అన్నీ పద్ధతిగా పెట్టారు. అలాంటి జీవే లేదు. కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ఏడో తరగతి పిల్లల ముందు పెడితే దాదాపు అందరూ నమ్మేశారు. నెట్‌లో బాగా చదవగలరని ఏరి తెచ్చిన పిల్లలు వాళ్లు.

నేను పిల్లల్ని తప్పుపట్టను. జాగ్రత్తగా చదవమన్నాం, చదివారు. స్పెల్లింగ్ తప్పులున్నాయా, డిజైన్ నీట్‌గా ఉందా, అడ్రస్ చివర డాట్ ఆర్గ్ ఉందా అని చూడమనే చెక్‌లిస్టులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. తప్పుల్లేని వాక్యాలు ఏఐ క్షణాల్లో రాసిస్తుంది.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో బయటపెట్టిన అధ్యయనం నాకు కళ్లు తెరిపించింది. డాక్టరేట్ ఉన్న చరిత్రకారులు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, వార్తల్లో నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లు, ఈ మూడు రకాల వాళ్లకీ పిల్లల వైద్యుల సంఘాల వెబ్‌సైట్లు రెండు చూపించి, ఏది ఎక్కువ నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి 1930లో పుట్టిన పెద్ద సంఘం. రెండోది దాని నుంచి 2002లో చీలిపోయిన చిన్న వర్గం. పేర్లు మాత్రం దగ్గర దగ్గరగా ఉంటాయి. విద్యార్థుల్లో ఎక్కువమంది చీలిక వర్గాన్నే నమ్మారు. చరిత్రకారుల్లోనూ పలువురు తేల్చుకోలేకపోయారు. వాళ్లు పేజీలోనే ఉండి, కిందికీ పైకీ జరుపుతూ శ్రద్ధగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు కాసేపటికే కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సంఘం పేరు కొట్టి, దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. దీన్నే లాటరల్ రీడింగ్, అంటే పక్కకు చూస్తూ చదవడం అంటున్నారు.

ఇది టీచర్ పిల్లల కళ్ల ముందు చేసి చూపించాల్సిన పని. "ఈ సంఘం ఏదో నాకూ తెలీదు, చూద్దాం పదండి" అని స్క్రీన్ మీద వెతకాలి. వచ్చిన మొదటి లింకునే నొక్కకుండా, ఎవరు రాశారో చదివి ఎంచుకోవడం కూడా అక్కడే చూపించాలి.

నాకు ఇంకో భయం ఉంది. ఏదీ నమ్మొద్దని పదేపదే చెబితే పిల్లలు "అన్నీ అబద్ధాలే" అని చేతులు దులుపుకుంటారు. వాళ్లకు పరిశోధన చేసిన వైద్యుడూ, పుకారు పుట్టించినవాడూ ఒకటే అయిపోతారు. నమ్మదగినదాన్ని గుర్తుపట్టి నమ్మడం కూడా నేర్పాల్సిందే.

పరీక్షలో ఇచ్చిన పేరా దాటి పక్కకు చూస్తే కాపీ అంటాం. వారానికి ఒక్క పీరియడైనా, పక్కకు చూసినవాళ్లకే మార్కులు పడాలి.