మహారాజశ్రీ ‘ఫైనల్-2’ బ్రాంచి గారికి

ప్రోగ్రాము మార్పుల చిట్టా ఉంచే గిట్‌లో వెలసిన మహారాజశ్రీ ‘బిల్లు-ఫైనల్-2-ఇదే-వాడండి’ బ్రాంచి గారికి, విజయవాడ బందరు రోడ్డు ఆఫీసు నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ‘ఉభయ’ మర్యాదకు మాత్రమే. తమరిలో చివరి కమిట్, అంటే మార్పుల నమోదు, పడి మూడేళ్లు దాటింది, తమరి క్షేమం మాకేం తెలుసు?

తమరిని పుట్టించింది నేనే. ఒక శుక్రవారం సాయంత్రం, ‘సోమవారం తీసేస్తాను’ అని సందేశం రాసి మరీ పుట్టించాను. తమరు తిండిదండగ అని ఎవరూ అనలేరు. గిట్‌లో బ్రాంచి అంటే అసలు ప్రోగ్రాముకు పక్కన తీసిన పాయ; లోపల చూస్తే ఒక కమిట్ ఆనవాలు రాసుకున్న చీటీ: 40 అక్షరాలు, చివర కొత్త లైను గుర్తు, వెరసి 41 బైట్లు. అంత చవక కాబట్టే మేమున్నది పదకొండు మందిమైనా బ్రాంచిలు నూట నలభై అయ్యాయి. అందులో ‘ఫైనల్’ బిరుదాంకితులు తొమ్మిది మంది.

పోయిన మంగళవారం తమరిని అసలు బ్రాంచి అయిన మెయిన్‌లో కలపబోయాను. తెర నిండా కాన్‌ఫ్లిక్టులు, అంటే ఒకే చోట ఇద్దరూ వేరేగా రాసిన తగాదాలు. పైన ఏడు బాణాలు, నడుమ ఏడు సమాన గుర్తులు, కింద మళ్లీ ఏడు బాణాలు. పైసలను దగ్గరి రూపాయికి సర్దాలని మెయిన్, పైసలతోనే చూపాలని తమరు. నడుమ నేను, పెళ్లి సంబంధంలో మధ్యవర్తిలా.

పోనీ తీసేద్దామంటే, తొలగించే ఆదేశంలో చిన్న ‘డి’ (d)కి గిట్ ఒప్పుకోలేదు. ఇంకా పూర్తిగా కలవలేదంది. పెద్ద ‘డి’ (D) పెడితే కిక్కురుమనదు. షిఫ్ట్ మీద వేలుంచి ఆఫీసంతా అడిగాను. ‘ఎవరికైనా పనికొస్తుందేమో, ఉండనివ్వండి’ అన్నారు. మా అమ్మమ్మగారింటి అటక మీది చిల్లుల గుండిగ గురించి కూడా ఇదే మాట.

తీసేసినా పోతారన్న నమ్మకమూ లేదు. తమరి అన్నగారు ‘ఫైనల్’ను సర్వర్లో తొలగించాం. తన కంప్యూటర్లో ఆయన నకలు ఉంచుకున్న సహోద్యోగి ఒకరు, పాపం, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మళ్లీ పుష్ చేశారు, అంటే సర్వర్‌కు ఎక్కించారు. సాయంత్రానికి పునర్జన్మ.

ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణను విడిచి వెళ్లే కాలువలనూ చూస్తున్నాం. బందరు కాలువ పొలాలు తడుపుతుంది. ఏలూరు కాలువ దారంతా నీళ్లిచ్చి, చివరికి ఏలూరులో గోదావరి కాలువతోనైనా కలుస్తుంది. తమరు ఏ ఎకరం తడిపారు?

ఇట్లు,
తమరి జన్మకారకుడు

తా.క.: తమరి సంగతి తేల్చడానికి ఇప్పుడే కొత్త బ్రాంచి ఒకటి తీశాను. పేరు ‘శుభ్రం-ఫైనల్’. సోమవారం తీసేస్తాను.